గుర్రాల లెక్క

ఇంట్లో నీళ్ళ మోటారు ఎన్ని హెచ్.పి.లదో మనలో చాలామందికి నోటికి వచ్చు. "అర హెచ్.పి. చాలదండీ అమ్మగారూ, ఒకటి వేయించండి, నీళ్ళు మేడమీది టాంకుకి ఎక్కాలి గదా" అని మెకానిక్కు చెబితే బుద్ధిగా తలూపుతాం. ఆ రెండక్షరాల వెనక ఒక గుర్రం వుందనీ, తెల్లవారుజామున మనకి నీళ్ళు తోడిపెట్టేది ఆ కనిపించని గుర్రమేననీ తట్టదు. తట్టినా, అరగుర్రం అంటే ముందు సగమా, వెనక సగమా అని అడిగే తీరిక ఎవరికుంది?

ఆ గుర్రం జేమ్స్ వాట్‌ది. పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజుల్లో ఆయన ఇంగ్లండులో ఆవిరియంత్రాల వ్యాపారం చేసేవాడు. కొనవలసినవాళ్ళేమో గుర్రాల చేత పని చేయించుకుంటున్నవాళ్ళు. ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు అన్నదే వాళ్ళకి అర్థమయ్యే భాష. అంచేత ఆయన లెక్క కట్టాడు: ఒక నిమిషంలో 33,000 పౌన్ల బరువుని ఒక్క అడుగు ఎత్తు లేపగలిగితే అది ఒక గుర్రం పని. నిజానికి సామాన్యమైన గుర్రం పొద్దస్తమానం ఆ లెక్కన పని చెయ్యలేదంటారు. అంటే గుర్రం బలమని చెప్పి ఆయన గుర్రం కంటే కాస్త ఎక్కువే ఇచ్చాడన్నమాట. కొసరు వేసి తూచిన వర్తకుణ్ణి చూసి మనకి ఎంతకాలమైంది!

ఈ గుర్రాల గొడవ నాకు పట్టింది మా పెద్దక్క కొడుకు మూలాన. వాడు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరంలో వుంటాడు. వుద్యోగం కంప్యూటర్లలో, ప్రాణం మాత్రం ఒక పాత కారులో. టయోటా వాళ్ళ సుప్రా అట, 1990ల నాటిది. "పెళ్ళికి దాచుకోవలసిన డబ్బంతా ఇనప సామానుకి పోస్తున్నాడే" అని మా అక్క ఫోనులో గోల. కిందటేడు నేను అటు వెళ్ళినప్పుడు ఆ ఇనప సామాను దర్శనం నాకూ అయింది.

దాని ఇంజనులో ఆరు సిలిండర్లు. బంతిలో విస్తళ్ళు వేసినట్టు ఒకదాని పక్క ఒకటి, ఒకే వరసలో. ఇదేదో అమెరికా విడ్డూరం అనుకోకండి, మన లారీలనీ బస్సులనీ ఏళ్ళ తరబడి లాగినవి ఇలాంటి ఆరు సిలిండర్ల వరస ఇంజన్లే. అవి డీజిలువి, ఇది పెట్రోలుది. ఈ ఆరింటి కాపరం చూడముచ్చటగా వుంటుంది. మొదటిదీ ఆరోదీ ఒక జంట, రెండోదీ అయిదోదీ ఒక జంట, మూడోదీ నాలుగోదీ ఇంకో జంట. జంటలో రెండు పిస్టన్లూ కలిసే పైకి వస్తాయి, కలిసే కిందికి దిగుతాయి. కాని రెండింటికీ ఒకేసారి నిప్పు అంటుకోదు. ఒకటి మండి తోస్తూంటే రెండోది ఆ సమయానికి గాలి పీల్చుకుంటూంటుంది. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అన్న వరసలో మంట అంటుకుంటుంది. ఒకదాని వూపుని ఇంకోటి చెల్లు వేస్తూ పోవడంతో మొత్తం మీద అదురనేది వుండదు. ఆరుగురు తోడికోడళ్ళున్న ఇంట్లో ఇలా జరిగితే ఎంత బాగుండునో అనుకున్నాను. పైకి అనలేదు లెండి.

ఇంత చక్కగా కాపరం చేస్తున్న ఇంజనుని మావాడు వూరుకోనిస్తేనా! కంపెనీ వాళ్ళు దానికి రెండు చిన్న టర్బోలు పెట్టారు. టర్బో అంటే ఇంజను వదిలే పొగతోనే తిరుగుతూ ఇంజనులోకి గాలిని కూరే పంకా. వీడు ఆ రెండింటినీ పీకించి ఒక పెద్దది పెట్టించాడు. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలి కనక దాన్ని చిమ్మే ముక్కులూ పెద్దవి వేయించాడు. ఇక ఎంత గాలికి ఎంత పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణాన నిప్పు అంటించాలో చెప్పే కంప్యూటరుకి కొత్త పాఠం నేర్పాలి. ఆ నేర్పడాన్నే ట్యూనింగ్ అంటారు. రోడ్డు మీద చేస్తే ప్రాణం మీదికి వస్తుంది కనక దానికో చోటు వుంది. ఒక శనివారం నన్నూ తీసుకెళ్ళాడు.

చూస్తే పెద్ద షెడ్డు. నేలలో పాతిన ఉక్కు రోలరు. కారు వెనక చక్రాలు దాని మీదికి ఎక్కించి, కారుని నాలుగువైపులా పట్టీలతో బిగించారు, పొగరుబోతు ఎద్దుని కట్టుకొయ్యకి కట్టినట్టు. ముందర మనిషంత ఎత్తు ఫాను. దీన్ని డైనమోమీటరు అంటారుట, ముద్దుగా డైనో. కొలిచే తపన ఇవాళ్టిది కాదు. 1821లోనే ప్రోనీ అనే ఫ్రెంచి ఇంజనీరు తిరిగే ఇరుసుని కొయ్యదిమ్మలతో బిగించి, ఆ బిగింపుని ఎంత బరువు ఆపగలదో చూసి బలం కట్టాడు. 1877లో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ ఓడల ఇంజన్ల కోసం కొయ్యదిమ్మల బదులు నీళ్ళు వాడాడు. ఇప్పుడు చాలాచోట్ల ఫలానా బరువున్న రోలరు ఎంత త్వరగా వేగం అందుకుందో చూస్తారు. దాన్నిబట్టి ఇంజను మెలితిప్పే జోరెంతో తేలుతుంది. దాన్ని చుట్ల సంఖ్యతో హెచ్చవేసి 5,252తో భాగిస్తే గుర్రాలు వస్తాయి. మీటరుకి గుర్రం కనపడదు సుమండీ, మెలి మాత్రమే కనపడుతుంది. గుర్రం మన భాగహారంలో పుడుతుంది. గమ్మత్తేమిటంటే, పౌన్లూ అడుగుల లెక్కలో మెలినీ, గుర్రాలనీ ఒకే కొలబద్ద మీద గీస్తే రెండు గీతలూ సరిగ్గా 5,252 చుట్ల దగ్గర కలిసితీరాలి. కలవలేదంటే ఆ కాగితంలో ఎవరో వేలు పెట్టారన్నమాటే.

ట్యూనింగ్ చేసే ఆయన మితభాషి. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. పాటలు వింటున్నాడేమో అనుకున్నాను. ఇంజను గోడకి చిన్న మైకు బిగించి దాని లోపలి చప్పుడు వింటున్నాడుట. నిప్పు మరీ తొందరపడి అంటిస్తే లోపల మంట పద్ధతిగా వ్యాపించక ఒక్కసారిగా పేలుతుంది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు వినిపిస్తుందట. రెండుమూడు క్షణాలు ఆ గులకరాళ్ళని నిర్లక్ష్యం చేస్తే పిస్టన్లు పగలచ్చు.

కారు గర్జిస్తుంది, పది పదిహేను సెకన్లలో నూరు మైళ్ళ వేగం దాటుతుంది, అంగుళం కదలదు (మన వంటింటి పరుగులాగే). తెర మీద గీత లేస్తుంది. ఆయన నిప్పు వేళని ఒక్క డిగ్రీ ముందుకి జరుపుతాడు. మళ్ళీ గర్జన. గీత కాస్త పైకి. ఇంకో డిగ్రీ. ఇంకాస్త పైకి. ఇంకో డిగ్రీ. ఈసారి గీత లేవలేదు. గులకరాళ్ళ చప్పుడూ రాలేదు. అయినా ఆయన ఆ డిగ్రీని వెనక్కి తీసేశాడు. "చప్పుడు రాలేదు గదా, ఎందుకు తీసేశాడురా?" అన్నాను. "లాభం లేని చోట ప్రమాదం ఎందుకు పిన్నీ? మంచి బలం ఇచ్చే వేళల్లో అన్నిటికంటే వెనకటిది చూసుకుని అక్కడ ఆపుతారు" అన్నాడు. ఆరు సిలిండర్లూ సమంగా ఓర్చుకోవు. అన్నిటికంటే ముందు అలిసే సిలిండరు ఎక్కడ మొరాయిస్తుందో అదే మిగతా అయిదింటికీ హద్దు. ఈ సూత్రం పెట్టిన మహానుభావుడెవరోగాని ఎప్పుడో వుమ్మడి కుటుంబంలో పెరిగి వుంటాడు.

ఇంకో సంగతి. పాత రెండు టర్బోల నాటి కాగితమూ, కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాడు. కొత్త గీత చివర్న ఆకాశానికి అంటుతోంది, సరే. కాని మూడున్నర వేల చుట్ల లోపు పాతదే పైన వుంది. అంటే బజారుకి వెళ్ళి రావడానికి పాత ఇంజనే మెరుగు. దీపావళికి పట్టుచీర తెచ్చి సంవత్సరమంతా కాఫీ గ్లాసు కూడా ఎత్తని మొగుడులాంటిది ఈ పెద్ద టర్బో. వాడికి చెబితే నవ్వాడు, వొప్పుకోలేదు.

సాయంత్రానికి అంకె తేలింది. చక్రాల దగ్గర 520 గుర్రాలు. కొత్తలో అమెరికాలో ఈ ఇంజనుకి కంపెనీ చెప్పినది 320, అదీ ఇంజను దగ్గర. చక్రాల దాకా వచ్చేసరికి గేర్లూ ఇరుసులూ తమ వాటా తినేస్తాయి కనక మిగిలేది ఇంకా తక్కువ. వాడి మొహం వెలిగిపోవలసింది. వెలగలేదు. అప్పుడా పెద్దమనిషి కంప్యూటరులో ఒక మీట నొక్కాడు. 520 కాస్తా 624 అయి కూర్చుంది. ఇంజనులో మర ఒక్కటి కదలలేదు.

ఇదేం మాయరా అంటే, చెప్పాడు. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున వుంది. అక్కడ గాలి పల్చన. మామూలు ఇంజను పల్చటి గాలి పీల్చి నీరసపడుతుంది. ఆ లోటు ఇంజనుది కాదు, వూరిది. అంచేత ఎండా, ఎత్తూ, తేమా చూసుకుని ఇంత కలుపుకోవచ్చునని ఇంజనీర్ల సంఘం వాళ్ళు ఒక సూత్రం రాసిపెట్టారు. డెన్వర్‌లో అది నూటికి ఇరవై దాకా వస్తుంది. న్యాయమే. కాని టర్బో వున్న ఇంజను గాలి కోసం వూరి మీద ఆధారపడదు, తనే లాక్కుని కూరుకుంటుంది. దానికి జరిగిన నష్టం అంత కాదు. పరిహారం మాత్రం మొత్తం కలుస్తోంది. కొండప్రాంతంలో పనిచేసేవాళ్ళకిచ్చే అలవెన్సు, కొండ కింద ఇల్లు తీసుకున్నవాడు కూడా పుచ్చుకున్నట్టు.

"అయితే 520 అనే చెప్పు" అన్నాను.

వాడు చెప్పిన జవాబు నన్ను చాలా రోజులు వెంటాడింది. "ఇక్కడ అందరూ కలిపిన లెక్కే చెబుతారు పిన్నీ. నేనొక్కణ్ణీ కలపకుండా 520 అన్నాననుకో, వినేవాడు అదీ కలిపిన లెక్కే అనుకుంటాడు. మనసులో నూటికి ఇరవై తీసేసి, వీడిది 430 చిల్లర అనుకుంటాడు. నేను నిజం చెప్పాను, వాడికి చేరింది అబద్ధం. ఇందులో ధర్మం ఎక్కడుంది?"

పిల్లవాడి తప్పించుకునే మాట అని కొట్టిపారేద్దామనుకున్నాను, కుదరలేదు. ఎందుకంటే మనకిది బాగా తెలిసిన కథే. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పడం ఆనవాయితీ. వినేవాళ్ళకీ తెలుసు, వాళ్ళు రెండేళ్ళు కలుపుకుని వింటారు. అబద్ధమూ, దాన్ని సరిచేసుకోవడమూ రెండూ అయిపోయాక ఎవరికీ నష్టం లేదు, ఒక్క నిజం చెప్పిన తల్లికి తప్ప. ఆవిడ ఇరవై ఏడంటే అవతలివాళ్ళు ఇరవై తొమ్మిది చేసుకుంటారు. అందరూ కలిసి ఆడే అబద్ధంలో నిజం చెప్పినవాళ్ళకే శిక్ష.

మరి నిజం చెప్పేవాళ్ళకి దారేమిటి? ఈ గుర్రాల చరిత్రలో ఒకసారి దారి దొరికింది. అమెరికా కంపెనీలు ఒకప్పుడు ఇంజనుని కారులోంచి దించి, గాలి జల్లెడా, పొగగొట్టమూ, ఇతర బాదరబందీలేవీ లేకుండా బల్ల మీద పెట్టి కొలిచి, ఆ అంకె ప్రకటించేవి. కాళ్ళూ చేతులూ విప్పేసి మనిషిని పరిగెత్తించినట్టు. 1972 మోడళ్ళ నుంచీ అన్ని సామాన్లతో కలిపి కొలిచిన అంకెలు చెప్పడం మొదలుపెట్టారు. షెవర్లే వాళ్ళకి ఒక ఆరు సిలిండర్ల వరస ఇంజను వుండేది, 250 ఘనపు అంగుళాలది. ముందు సంవత్సరం దాని బలం పాత లెక్కలో 145. ఆ ఏడు 110. ఇంజను అదే. ముప్ఫయి అయిదు గుర్రాలు కాగితం మీదనించి దిగి వెళ్ళిపోయాయి. ఒక్క కంపెనీయే ఆ పని చేసి వుంటే దాని అమ్మకాలు మునిగేవి. అందరూ ఒక్కసారి దిగారు కనక ఎవరికీ సిగ్గు కాలేదు.

కలిసికట్టుగా తగ్గించి చెప్పడం కూడా జరిగింది, అది మరీ తమాషా. జపాను కంపెనీలు 1989 నుంచి 2004 దాకా ఎవరూ తమ దేశంలో అమ్మే కారుకి 276 గుర్రాలకి మించి చెప్పకూడదని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. వేగాలు పెరిగి ప్రమాదాలు జరుగుతున్నాయన్న గోల వల్ల. చెప్పకూడదన్నారుగాని, చెయ్యకూడదనుకున్నారో లేదో! ఈ సుప్రా కూడా తన పుట్టింట్లో ఆ లెక్కకి లోబడే వుండేది. బయటివాళ్ళు తీసుకెళ్ళి డైనో మీద పెడితే కొన్ని కార్లు ఆ అంకెని దాటేసేవి. అతివినయం కూడా అబద్ధమే గదా అంటే, జపానులో కొనేవాడికి ఆ సంగతి తెలుసు. కనుసైగ అర్థమైనవాళ్ళ మధ్య మాట ఎలా వున్నా ఫరవాలేదంటారు.

కాని అన్ని అబద్ధాలనీ ఒకే గాటన కట్టలేను. 2015 సెప్టెంబరులో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ సంగతి చూడండి. ఆ డీజిలు కార్లలో ఒక ప్రోగ్రాం వుంది. స్టీరింగు తిరగడం లేదు, చక్రాలు మాత్రం ఫలానా వరసలో పరిగెడుతున్నాయి అంటే, ఓహో నేను రోలరు మీద వున్నాను, పరీక్ష జరుగుతోంది అని కారు పసిగట్టేది. అప్పుడు పొగని బుద్ధిగా శుభ్రం చేసి వదిలేది. రోడ్డెక్కాక, కొన్ని విషవాయువులు హద్దుకి నలభై రెట్ల దాకా! ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ పది లక్షల కార్లు. పెళ్ళిచూపుల్లో తలవంచుకుని కూర్చునే పిల్లాడు, కాపరానికొచ్చాక నిజరూపం చూపినట్టు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచే సామాను కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగి చూడబట్టి గుట్టు తెలిసింది. ఇక్కడ వినేవాడు కలుపుకోవడానికీ తీసేసుకోవడానికీ ఏమీ లేదు. ఆ పొగ పీల్చిన పిల్లలకి ఏ కనుసైగా అందలేదు.

అక్కడే నాకు మావాడి ప్రశ్నకి పట్టు దొరికిందనిపించింది. అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదంటావు, సరే, ఆ 'అందరూ' ఎవరు? మీ కార్ల గుంపులో పది మందికి తెలుసు. రేపు నువ్వా కారు అమ్మేస్తావు. కొనేవాడు పందొమ్మిదేళ్ళ కుర్రాడు, మొదటి కారు. వాడు 624 అని చదివి 624 అనే నమ్ముతాడు. సంబంధాల బజారులోకి మొదటిసారి దిగిన తండ్రీ అంతే. ఎవరేం కలుపుతారో, ఎవరేం తీసేస్తారో ఆయనకి తెలియదు. ఆనవాయితీ అబద్ధానికి బలయ్యేది ఎప్పుడూ ఆ కొత్తవాడే. మన భాష తెలియడమే వాడు చేసుకోలేని పుణ్యం.

ఇదంతా వాడితో అన్నాను. "అయితే ఏమని చెప్పమంటావు? చక్రాల దగ్గర 520, డెన్వర్ గాలిలో, ఏమీ కలపకుండా అని పురాణం విప్పనా? అంకె అడిగినవాడు అంతసేపు వింటాడా?" అన్నాడు. వినకపోతే పోనీ అన్నాను. వినే ఓపికలేనివాడికి అంకె ఎందుకు? ఆ పక్కన ట్యూనింగ్ ఆయన ఈ గొడవేదీ పట్టించుకోకుండా పట్టీలు విప్పుకుంటున్నాడు. ఆయన కళ్ళు రోజంతా ఒకే ఒక్క దాని మీద: పొద్దుటి గీతకీ ఇప్పటి గీతకీ తేడా. అదే రోలరు, అదే కారు. పనికి కావలసినది ఆ తేడాయేనట. మిగతాది ఆయనకి అనవసరం. కాగితం మాత్రం రెండు రకాలుగానూ తీసి చేతిలో పెట్టాడు, నీ ఇష్టం అన్నట్టు.

మావాడు ఏ కాగితం ఎవరికి చూపించాడో నేను అడగలేదు. కాని మొన్న మా అక్క ఫోను చేసి ఒకటే ఏడుపు. విజయవాడ నుంచి మంచి సంబంధం వచ్చిందట. పిల్ల తండ్రి ఫోనులో జీతమెంత బాబూ అని అడిగారట. అందరూ చెప్పేది మొత్తం జీతం, సంవత్సరానికి ఇంత అని. వీడేమో అది చెప్పి వూరుకోకుండా, పన్నులు పోగా ఇంత, డెన్వర్‌లో ఇంటద్దె ఇంత, కారు ఖర్చు ఇంత, నెలాఖరుకి చేతిలో మిగిలేది ఇంత అని విడమర్చి చెప్పాట్ట. "ఇలా చెబితే పిల్లనెవరిస్తారే? అవతలివాళ్ళు దాంట్లోంచి కూడా తీసేసి వింటారు గదా! నువ్వే ఏదో నూరిపోశావు వాడికి" అని నా మీద విరుచుకుపడింది.

పిల్లవాళ్ళ దగ్గరనించి ఇంకా కబురు రాలేదు.